శాలువా ఎవరు కప్పారు?

కొత్తగా డిగ్రీ కాలేజీల్లో లెక్చరర్లుగా చేరిన పిల్లలు అప్పుడప్పుడూ ఫోన్ చేసి, "మేడమ్, మమ్మల్ని సెమినార్ పెట్టమన్నారు, ఎలా పెట్టాలండీ?" అని అడుగుతుంటారు. నేను నందిగామలో జువాలజీ చెప్పి రిటైరైన దాన్ని. కప్పను కొయ్యడం ఎలాగో అడగండి, నిద్రలో లేపినా చెబుతాను. సెమినార్ సంగతి మాత్రం నాకు తెలియదు. నా సర్వీసు మొత్తంలో కన్వీనర్‌గా నడిపిన సెమినార్ ఒక్కటే. దాన్ని నేను నడిపానో, అదే నన్ను నడిపిందో ఈ రోజుకీ తేలలేదు. అయినా జరిగింది జరిగినట్టు చెబుతాను. మీకేమైనా అర్థమైతే తిరిగి నాకు చెప్పండి.

రిటైర్మెంట్ ఇంకొన్ని నెలలు ఉందనగా ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిచి కుర్చీ చూపించారు. ఆయన కుర్చీ చూపించారంటే ఏదో అంటగట్టబోతున్నారని మా స్టాఫ్ అందరికీ తెలుసు.

"అన్ని డిపార్ట్‌మెంట్లూ కలిసి ఒక సెమినార్ పెట్టాలంట మేడమ్. మంచి మంచి టాపిక్‌లన్నీ మిగతా కాలేజీల వాళ్ళు ముందే తీసేసుకున్నారు. మనకి ఇది మిగిలింది."

కాగితం మీద మూడు ముక్కలున్నాయి. జ్ఞాన నిర్మాణవాదం, సైబర్నెటిక్స్, స్వయం వ్యవస్థీకరణ. కింద 'వివిధ శాస్త్రాల్లో వాటి స్థానం' అని ఉంది.

"ఇవేమిటండీ?" అన్నాను.

"నాకూ తెలీదు మేడమ్. అందుకే మీకు ఇస్తున్నా. మీరు సీనియర్ కదా."

రిటైరయ్యే వాళ్ళ నెత్తిన ఎవరికీ పట్టని పని పెట్టడం మన కొలువుల్లో పాత ఆనవాయితీ. రేపు ఏదైనా తేడా వస్తే సంజాయిషీ అడగడానికి మనిషి ఉండదు. రోట్లో తల పెట్టాక రోకటిపోటుకు భయపడితే లాభమేముందని కాగితం తీసుకుని స్టాఫ్ రూమ్‌కి వచ్చాను.

అక్కడ మరీ చోద్యం. పొద్దున నాకు తెలియని విషయం మధ్యాహ్నానికి అందరికీ తెలిసిపోయింది. ఎకనామిక్స్ సార్ టిఫిన్ బాక్స్ మూత తీస్తూ, "ఇది మా సబ్జెక్టే మేడమ్. పత్తి రేటు ఎవరు పెడతారు? ఎవరూ పెట్టరు. అదే కుదురుకుంటది. స్వయం వ్యవస్థ అంటే మార్కెట్టే" అన్నారు. తెలుగు సార్ ఊరుకుంటారా? "భాషని మించిన స్వయం వ్యవస్థ ఏముందండీ? 'రేపటి నుంచి ఈ మాట ఇలా పలకండి' అని ఎవరైనా దండోరా వేశారా?" అన్నారు. నేను కూడా తక్కువ తినలేదు. చీమల పుట్టకి మేస్త్రీ ఉండడు కాబట్టి ఇది జువాలజీయే అన్నాను. మాటా మాటా పెరిగింది. ముగ్గురం మూడు వైపుల నుంచి ఒకటే మాట అంటున్నామో, ఒకే పేరుతో మూడు వేరే సంగతులు అంటున్నామో తెలియలేదు. బెల్ కొట్టారు కాబట్టి సరిపోయింది.

ఆ సాయంత్రం ఫిజిక్స్ గెస్ట్ లెక్చరర్ అమ్మాయి మా ల్యాబ్‌కి వచ్చింది. ఊరు జగ్గయ్యపేట. వాళ్ళ నాన్న పేట నుంచి నందిగామకి షేర్ ఆటో తోలతాడు. ఈ అమ్మాయి రోజూ ఆ ఆటోలోనే కాలేజీకి వచ్చేది. కూతురు కదా అని ముందు ఎక్కించుకోవడం ఉండదు. ప్యాసింజర్లు అందరూ సర్దుకున్నాక మిగిలిన చోట కూర్చోవాలి. ఆదివారాలు కూడా ఏదో చదువుకునేది. ఏం చదువుతోందో నేనెప్పుడూ అడగలేదు.

"మేడమ్, మీ సెమినార్ టాపిక్ నా పీహెచ్‌డీయే" అంది.

నాకు దేవుడు కనపడినట్టు అయింది. "ముందు కూర్చుని ఇదేమిటో చెప్పమ్మా" అన్నాను.

"ఫ్రిజ్ ఉంది కదా మేడమ్. లోపల చల్లబడితే అదే ఆగుద్ది. వేడెక్కితే అదే మొదలవుద్ది. తను చేసిందాని ఫలితం తనే చూసుకుని సర్దుకుంటది. సైబర్నెటిక్స్ అంటే అలాంటి వాటి సంగతి. ఒక్కోసారి అది తిరగబడుద్ది. మైకు తీసుకెళ్ళి స్పీకర్ ముందు పెడితే కుయ్యిమంటది చూడండి. తన అరుపు తనే విని ఇంకా గట్టిగా అరుస్తది. ఆ అరుపు విని మళ్ళీ అరుస్తది."

"మరి ఆ నిర్మాణవాదం?"

"మనం చెప్పింది చెప్పినట్టు పిల్లల బుర్రలోకి వెళ్ళదు మేడమ్. వాళ్ళ దగ్గర ఉన్నదాంతో వాళ్ళే ఒకటి కట్టుకుంటారు."

"అది నేను ఏటేటా పరీక్ష పేపర్లలో చూస్తూనే ఉన్నా" అన్నాను. నవ్వింది.

మూడోదానికి ఆమె వాళ్ళ నాన్న స్టాండు సంగతి చెప్పింది. షేర్ ఆటో నిండిపోతుంది. ఇంకొకళ్ళు వచ్చి నిలబడతారు. సీటు లేదు. వాళ్ళ నాన్న వెనక్కి తిరిగి, "కాస్త జరగండమ్మా, ఒకళ్ళు ఉన్నారు" అంటాడు. ఎవరు ఎంత జరగాలో చెప్పడు. కాసేపటికి అక్కడ ఒక సీటు ఉంటుంది. లేని సీటు ఎక్కడి నుంచి వస్తుంది, ఎవరు ముందు జరిగితే వస్తుంది అన్నది ఆమె పరిశోధన. లెక్కలు, బొమ్మలు వేసి చూపించింది. అవి నాకు ఎక్కలేదు. ఆటో మాత్రం ఎక్కింది.

అప్పుడు అసలు విషయం బయటపెట్టింది.

"థీసిస్ ఇచ్చే ముందు ఒక సెమినార్‌లో పేపర్ చదవాలి మేడమ్. చదివి, అడిగినవాటికి జవాబులు చెప్పాలి. గడువు ఈ నెలాఖరే. ఇప్పటికే పొడిగించారు, ఇంక పొడిగించరంట. ఇంతకుముందు వెళ్ళిన చోటల్లా చివర్లో టైం లేదని 'చదివినట్టే భావిస్తున్నాం' అన్నారు. మా గైడ్ ఒప్పుకోలేదు. ఇది కూడా పోతే రిజిస్ట్రేషన్ పోద్ది. ఇన్నేళ్ళ పని పోయినట్టే."

మామూలుగానే చెప్పింది. చీర కొంగు మాత్రం వేలికి చుట్టుకుంటోంది. నాకు మా ఊరు వత్సవాయిలో రోజులు గుర్తొచ్చాయి. నేను డిగ్రీ చదువుతానంటే మా చర్చిలో పాస్టరు గారు ప్రత్యేక ప్రార్థన చేయించారు. చదువు గట్టెక్కాలంటే మనకి ఎప్పుడూ ఎవరో ఒకరి పూనిక కావాలి.

"నా సెమినార్‌లో నువ్వు చదవకపోతే ఇంకెవరు చదువుతారమ్మా? భోజనాల లోపలే నీ పేపర్. నాది పూచీ" అన్నాను.

పనులు పంచుకున్నాం. వేదిక మీద వ్యాఖ్యానం తెలుగు సార్‌ది. సన్మానాలూ భోజనాలూ ఎకనామిక్స్ సార్‌వి. తెలుగు సార్‌ని పక్కకి పిలిచి, "ప్రారంభోత్సవం క్లుప్తంగా కానివ్వండి" అన్నాను. "నా సంగతి మీకు తెలుసు కదండీ మేడమ్ గారూ" అన్నారు. "తెలుసు కాబట్టే చెబుతున్నా" అన్నాను. ఎకనామిక్స్ సార్ నందిగామ బజార్లో శాలువాలు కొనుక్కొచ్చారు. చూస్తే అతిథులకన్నా శాలువాలు చాలా ఎక్కువ ఉన్నాయి.

"ఇన్నెందుకండీ?"

"ఎవరైనా ఎక్స్‌ట్రా వస్తే?"

"ఎవరొస్తారు?"

"ఎలా చెప్తాం మేడమ్? డిమాండ్ ఎప్పుడు పెరుగుద్దో ఎవరికి తెలుసు?"

ఆయన చెప్పిన ఎకనామిక్స్‌లో నాకు నమ్మకం కలిగింది ఆ ఒక్క మాట మీదే, అదీ మర్నాడు.

ముఖ్య అతిథి హైదరాబాద్ నుంచి వచ్చిన ఎడ్యుకేషన్ ప్రొఫెసర్. పెద్దాయన, రిటైరై చాలా కాలమైంది. పిల్లలు జ్ఞానాన్ని ఎలా కట్టుకుంటారో జీవితమంతా చెప్పినవారు. ఆయన వచ్చే బస్సు నందిగామలో ఆగదు. దిగేది చిల్లకల్లులో, సాయంత్రం తిరిగి ఎక్కేదీ అక్కడే. కాలేజీకి కారు లేదు. అమ్మాయి వాళ్ళ నాన్న, "నేను తీసుకొస్తా అమ్మగారూ" అన్నాడు. ఆ రోజు ప్యాసింజర్లను మానుకుని, సీటు మీద ఉతికిన టవల్ పరిచి, ఆయన్ని ఒక్కరినే కూర్చోబెట్టి తీసుకొచ్చాడు. దింపి, ఆటో చెట్టు కింద పెట్టుకుని, సాయంత్రం దాకా అక్కడే ఉంటానన్నాడు.

"లోపలికి రావయ్యా, మీ అమ్మాయి చదువుతుంది" అన్నాను.

"వద్దులేండమ్మా. నేను చూస్తుంటే దానికి తడబాటు" అన్నాడు.

హాలు నిండింది. దీపం వెలిగించాం, ప్రార్థన అయింది. అతిథులు వేదిక ఎక్కారు. తెలుగు సార్ ప్రొఫెసర్ గారిని నాలుగు మాటల్లోనే పరిచయం చేశారు. ఆహా, నా మాట నిలబెట్టారు అనుకున్నాను. ప్రిన్సిపాల్ గారు శాలువా కప్పారు. చప్పట్లు కొట్టాం. అమ్మాయి రెండో వరసలో ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

ఇక్కడి నుంచి జాగ్రత్తగా వినండి. ఎక్కడ మొదలైందో నాకు తెలిసినంత వరకూ ఇదే.

ప్రొఫెసర్ గారు మైకు అందుకుని, "ఈ శాలువాకి నేను అర్హుణ్ణి కాదు. నన్ను ఇంత వాణ్ణి చేసింది ఉపాధ్యాయ లోకం. ఆ లోకానికి ప్రతినిధిగా మీ ప్రిన్సిపాల్ గారికి దీన్ని కప్పుతున్నాను" అని తన శాలువా తీసి ఆయనకి కప్పారు. చప్పట్లు మోగాయి. ప్రిన్సిపాల్ గారు కంగారుపడ్డారు. పెద్దాయన ఒంటి మీది శాలువా తన ఒంటి మీద ఉంచుకుంటే బాగోదు కదా. "నాకన్నా సర్వీసులో పెద్దవారు ఉండగా..." అని ఎకనామిక్స్ సార్‌ని పిలిచి ఆయనకి కప్పారు. సన్మానం చేయించుకున్నాక రెండు ముక్కలు మాట్లాడకపోతే మర్యాద కాదు. ఎకనామిక్స్ సార్ రెండు ముక్కలూ మాట్లాడి, ఇంత చక్కగా సభ నడుపుతున్న తెలుగు సార్‌కి కప్పారు. తెలుగు సార్ కళ్ళ నీళ్ళు పెట్టుకున్నారు. అప్పటికప్పుడు ప్రొఫెసర్ గారి మీద ఒక పద్యం అల్లి చదివారు. పద్యానికి ఊరికే చప్పట్లు కొడితే సరిపోతుందా? కట్టలోంచి కొత్త శాలువా బయటికి వచ్చింది.

ఆ తర్వాత నాకు వరస గుర్తులేదు. ఒకరికి కప్పితే పక్కాయనకి కప్పాలి. పక్కాయనకి కప్పితే కింద కూర్చున్న రిటైర్డ్ లైబ్రేరియన్ ఏమనుకుంటాడు? లైబ్రేరియన్ దాకా వస్తే, ఎదురుగా ఉన్న పక్క ఊరి హెడ్మాస్టర్ని వదిలేస్తే అవమానం. ఎవరూ కావాలని చెయ్యడం లేదు. ప్రతివాళ్ళూ తమ వంతుతో ముగించేద్దామనే చూస్తున్నారు. ఒకళ్ళ మర్యాద ఇంకొకళ్ళ మెడకు చుట్టుకుంటోంది. అమ్మాయి చెప్పిన మైకు అరుపు నాకు అప్పుడు వినపడింది. అటు చూస్తే తను కూడా నన్నే చూస్తోంది. పాపం, నవ్వాలో ఏడవాలో ఆ పిల్లకి తెలియడం లేదు.

నేను ఆపుదామని లేచాను. కొంగు దోపుకుని వేదిక ఎక్కి, తెలుగు సార్ చేతిలోంచి మైకు తీసుకుని, "పెద్దలు మన్నించాలి, సమయం..." అన్నానో లేదో, ప్రిన్సిపాల్ గారు లేచి నిలబడ్డారు.

"అసలు సన్మానం జరగాల్సింది మేడమ్ గారికి! త్వరలో రిటైర్ కాబోతున్నారు!"

హాలంతా లేచి చప్పట్లు కొట్టింది. నా మీద శాలువా పడింది. పాత విద్యార్థులు ఎక్కడి నుంచి వచ్చారో వచ్చారు. కంచికచర్ల నుంచి వచ్చినవాడొకడు నా కాళ్ళకి దండం పెట్టి, నేను కొట్టిన దెబ్బలే వాణ్ణి మనిషిని చేశాయని మైకులో చెప్పాడు. వాణ్ణి కొట్టినట్టు నాకు గుర్తు లేదు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఆపడానికి వెళ్ళినదాన్ని, ఆ మంటలో ఇంకో కట్టె వేసి వచ్చాను. సిగ్గుగా అనిపించింది. అబద్ధమెందుకు, సంతోషంగా కూడా ఉంది. ఆ సంతోషం మీద మళ్ళీ కోపం వచ్చింది.

భోజనాలకి పిలిచారు. అమ్మాయి పేపర్ జరగలేదు.

పెరుగన్నం దగ్గర తనని పట్టుకుని, "ప్రొఫెసర్ గారి ఉపన్యాసం అవగానే నువ్వే" అన్నాను. "పర్లేదు మేడమ్" అంది. ఆ 'పర్లేదు' నాకు గుచ్చుకుంది. చాలా చోట్ల చెప్పి చెప్పి అరిగిపోయిన మాట అది.

మధ్యాహ్నం ప్రొఫెసర్ గారు కళ్ళు మూసుకుని మాట్లాడారు. సగం అర్థమైంది. చూసేవాడు కూడా తను చూసేదాంట్లో భాగమేనని, బయట నిలబడి చూస్తున్నానని అనుకోవడం భ్రమ అని అన్నారు. మెడలో శాలువాతో కూర్చున్న నాకు ఆ ఒక్క ముక్కా బాగానే అర్థమైంది. తర్వాత ప్రశ్నలు అడగమన్నారు. ఎకనామిక్స్ సార్ లేచి అది మార్కెట్ సూత్రమే కదా అన్నారు. తెలుగు సార్ అది అలంకార శాస్త్రంలో ఉందన్నారు. బయటి కాలేజీ నుంచి వచ్చిన బోటనీ ఆయన అది మొక్కల్లో ఉందన్నారు. ఎవరికి వారే యమునా తీరే అన్నట్టు అయింది. ఈలోగా వత్సవాయి బస్సు వేళకి కొందరు పిల్లలు లేచారు. జి.కొండూరు వైపు వాళ్ళు ఇంకొందరు లేచారు. హాల్లో కుర్చీలు కనపడడం మొదలైంది.

తెలుగు సార్ గడియారం చూసుకుని, "సమయాభావం వల్ల మిగిలిన పత్రాలన్నీ చదివినట్టే భావిస్తూ, ఇక వందన సమర్పణ" అన్నారు.

అమ్మాయి ల్యాప్‌టాప్ మూసింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. బ్యాగులో పెట్టుకుని, చీర కొంగు సర్దుకుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఎవరి మీద మండాలో తెలియలేదు. ప్రిన్సిపాల్ తప్పు చేశారా? మర్యాద చేశారు. తెలుగు సార్? ఆయన నిజంగానే టైం చూసుకున్నారు. ప్రొఫెసర్ గారు? తనకొచ్చిన గౌరవాన్ని పంచారు. నేను? ఆపబోయాను. ఇంతమంది మంచివాళ్ళం కలిసి ఆ పిల్ల చదువును ముంచేస్తున్నాం. మాలో ఒక్క చెడ్డవాడు ఉంటే వాడితోనైనా పోట్లాడేదాన్ని.

ఏమైతే అదవుతుందని లేచి, తనని చెయ్యి పట్టుకుని వేదిక మీదికి లాక్కుపోదామని రెండో వరస వైపు నడిచాను. ఇంతవరకూ నాకు బాగా గుర్తుంది. అదే సమయానికి వాళ్ళ నాన్న తలుపు దగ్గరికి వచ్చాడు. ప్రొఫెసర్ గారికి బస్సు వేళవుతోందని గుర్తు చేయడానికి వచ్చాడు. చేతిలో ఆటో తాళం ఉంది. లోపలికి రావాలా వద్దా అని గుమ్మం దగ్గర ఆగాడు. తెలుగు సార్ వందన సమర్పణలో అందరినీ తలుచుకుంటూ, మైకు వాళ్ళని, వంటవాళ్ళని తలుచుకుంటూ, "మన ముఖ్య అతిథిని భద్రంగా తీసుకొచ్చిన ఆటో సోదరుడు" అన్నారు.

ఆ తర్వాత ఏమైందో నేను చెప్పలేను. అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను. తల తిప్పి చూసేసరికి వాళ్ళ నాన్న భుజాల మీద శాలువా ఉంది. ఆయన వేదిక మెట్ల దగ్గర ఉన్నాడు. చప్పట్లు మోగుతున్నాయి. ఎవరో ఆయన చేతిలో మైకు పెట్టారు.

సన్మానం చేయించుకున్నాక రెండు ముక్కలు మాట్లాడాలి. అది అప్పటికి పొద్దుటి నుంచీ నడుస్తున్న చట్టం. ఆయన వేదిక ఎక్కాడు. నిలబడడానికి చోటు లేదు. అతిథులు, కుర్చీలు, పూలబొకేలు, శాలువాలు పెట్టిన బల్ల, అన్నీ కిక్కిరిసి ఉన్నాయి. ఆయన మైకుని రెండు చేతులతో పట్టుకున్నాడు. అది కుయ్యిమంది. ఉలిక్కిపడి దూరం పెట్టాడు.

"నాకు మాట్లాడటం రాదండి" అన్నాడు. "అయ్యగారికి బస్సు టైం అవుతుందని చెబుదామని వచ్చా. మా అమ్మాయి చదవటం అయిపోయిందనుకున్నా. కాలేదంట కదండీ."

రెండో వరస వైపు చూశాడు.

"పొద్దున్నించీ కూర్చునుందండి. ఒకళ్ళు మిగిలిపోతే నేను బండి తియ్యనండి." వేదిక మీద వాళ్ళ వైపు తిరిగాడు. ఆయన గొంతు మారింది. స్టాండులో రోజూ అనే మాట కదా, అది బెదురు లేకుండా వచ్చేసింది. "కాస్త జరగండి సార్. ఒకళ్ళు ఉన్నారు."

మీరు నమ్మండి, వాళ్ళు జరిగారు. ప్రొఫెసర్ గారు కుర్చీతో సహా పక్కకి జరిగారు. ప్రిన్సిపాల్ గారు బొకే ఒళ్ళోకి తీసుకున్నారు. శాలువాల బల్ల వెనక్కి పోయింది. మధ్యలో ఒక మనిషి నిలబడేంత చోటు వచ్చింది. నేను అమ్మాయి చెయ్యి వదిలేశాను. తను వెళ్ళి ఆ చోట్లో నిలబడింది. వాళ్ళ నాన్న దిగి, బయటికి పోబోయి, గుమ్మంలో ఆగి, కూతురికి కనపడకుండా తలుపు చాటుకి వెళ్ళాడు.

అమ్మాయి చదివింది. తెర మీద బొమ్మలు వెయ్యడానికి వ్యవధి లేదు, నోటితో చెప్పింది. మిగిలినవాళ్ళం కొద్దిమందిమే. బస్సులు అందని పిల్లలు, వంటవాళ్ళు, మేము. ఆటోలో సీటు ముందుగా ఉండదని, నిలబడ్డ మనిషిని చూసి కూర్చున్నవాళ్ళు తలా కాస్త జరిగితే అది తయారవుతుందని చెప్పింది. ప్రొఫెసర్ గారు బస్సు సంగతి మర్చిపోయి, ఈసారి కళ్ళు తెరుచుకుని విన్నారు. ప్రశ్న కూడా ఆయనే అడిగారు.

"అమ్మాయ్, అందరికన్నా ముందు జరిగేది ఎవరు?"

"తెలియలేదండి" అంది. "అది కనుక్కోవాలనే నేను ఇన్నాళ్ళూ ఆ ఆటోలో కూర్చున్నా. నేను గమనిస్తున్నానని తెలిస్తే ఎవరూ జరగరు. నేను చూపు తిప్పుకుంటే, అప్పటికే జరిగిపోయి ఉంటారు. అడిగితే ప్రతివాళ్ళూ పక్కవాళ్ళు ముందు జరిగారంటారు. నేను దీన్ని తేల్చలేకపోయా. తేలలేదనే థీసిస్‌లో రాశా."

ప్రొఫెసర్ గారు లేచి చప్పట్లు కొట్టారు. చిల్లకల్లులో ఆయన బస్సు వెళ్ళిపోయింది. తర్వాతి బస్సు దాకా వాళ్ళ నాన్న ఆయనకి తోడు ఉన్నాడు.

ఆమె థీసిస్ గడువు లోపలే ఇచ్చింది. ఇప్పుడు పేరు ముందు డాక్టర్ ఉంది. వేరే ఊళ్ళో పనిచేస్తోంది. పండక్కి పేటకి వస్తే నా దగ్గరికి సేమ్యా తెస్తుంది.

నాకు మాత్రం ఒక సందేహం మిగిలిపోయింది. ఆ శాలువా ఎవరు కప్పారు? అది పడకపోతే ఆయన చేతికి మైకు రాదు. మైకు రాకపోతే ఆ పిల్ల చదివేది కాదు. పొద్దున మా కొంప ముంచిన సన్మానమే సాయంత్రం గట్టెక్కించింది. ఎవరో ఆలోచించి చేశారనుకుంటే మనసుకి హాయిగా ఉంటుంది కదా. కనుక్కుందామని బయల్దేరాను.

తెలుగు సార్, "ఇంకెవరండీ, నేనే! పేరు తలుచుకుని ఊరుకుంటానా?" అన్నారు. కానీ ఆయన అప్పుడు మైకు దగ్గర ఉన్నారు. ఎకనామిక్స్ సార్, "కట్టలో చివరి శాలువా మేడమ్ అది, నా చేత్తోనే కప్పా" అన్నారు. ప్రిన్సిపాల్ గారు తానే సైగ చేశానన్నారు. అమ్మాయిని అడిగితే ప్రొఫెసర్ గారు తనది తీసి ఇచ్చినట్టు గుర్తుంది అంది. ఎవరూ అబద్ధం చెప్పే మనుషులు కారు. ఉన్నదాంతో ఎవరికి వాళ్ళు ఒకటి కట్టుకున్నారు.

చివరికి నా రిటైర్మెంట్ రోజున అమ్మాయి వాళ్ళ నాన్ననే అడిగాను.

ఆయన వింతగా చూశాడు. "అదేంటమ్మగారూ? మీరే కదా కప్పింది. మీ ఒంటి మీదది తీసి కప్పారు. గుమ్మం దాకా వచ్చి, నా చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు."

"లేదయ్యా. నేను మీ అమ్మాయి చెయ్యి పట్టుకున్నాను."

"అది తర్వాతమ్మా" అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. మర్యాదకి అంటున్నాడనుకున్నాను. ఇంటికొచ్చి బీరువా వెతికాను. ఆ రోజు నాకు కప్పిన శాలువా లేదు. దాన్ని హాల్లో మర్చిపోయి ఉండవచ్చు, ఎవరో సర్దేసి ఉండవచ్చు. నేను కప్పినదాన్ని నేనే మర్చిపోతానా అని ఇన్నాళ్ళూ నాతో నేను వాదించుకుంటూనే ఉన్నాను.

మొన్న పేటలో పని చూసుకుని నందిగామకి షేర్ ఆటో ఎక్కాను. వేరే డ్రైవరు, కుర్రాడు. బండి నిండింది. పత్తి ఏరడానికి పోయే ఒకామె గోనెసంచితో వచ్చి నిలబడింది. కుర్రాడు వెనక్కి తిరిగి, "కాస్త జరగండమ్మా" అన్నాడు. ఇవాళ పట్టుకుంటాను, ముందు జరిగేది ఎవరో చూస్తానని కళ్ళు పెద్దవి చేసుకుని ఒక్కొక్కళ్ళనే చూశాను. ఎవరూ కదలలేదు. అందరూ ఎటో చూస్తున్నారు. ఆటో బయల్దేరింది. ఆవిడ ఎక్కి కూర్చునే ఉంది, సంచి ఒళ్ళో పెట్టుకుని, నా పక్కనే. నాకు కుడివైపు గాలి కొడుతోంది. చూసుకుంటే సీటు చివర, కడ్డీ పట్టుకుని, సగం బయటికి కూర్చుని ఉన్నాను. ఎప్పుడు జరిగానో నాకు తెలియదు.